టీవీ మామ్మ మెయింటెనెన్స్

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే మనిషికి కొంత అర్హత ఉండాలి. చెవుల పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు, మోకాళ్ళలో కాస్త నొప్పి, ఎదుటివాళ్ళు వింటున్నారో ఆవలిస్తున్నారో పట్టించుకోని ధైర్యం. వీటిలో నాకింకా చివరిది ఒక్కటే వచ్చింది. అయినా మా కంప్యూటర్ల వృత్తిలో ఐదారేళ్ళు గడిస్తే ఒక తరం గడిచిపోయినట్టే. మొదటి ఉద్యోగంలో నేను తల బద్దలు కొట్టుకుని నేర్చుకున్న విద్యను ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు టీ చల్లారేలోపు చేసి పారేస్తున్నారు. కాబట్టి నేనూ హక్కుగానే అంటాను. ఆ రోజుల్లో నేను చిలకలూరిపేటలో నెట్‌వర్క్ ఇంజనీరును.

నాతో చదివినవాళ్ళంతా హైదరాబాదూ బెంగుళూరూ వెళ్ళి అద్దాల మేడల్లో కూర్చుంటే, నేను హైవే పక్కన పురుగుమందుల కొట్టు మీద మేడగదిలో కూర్చున్నాను. కిందినుంచి మందుల వాసన, కిటికీలోంచి జిన్నింగు మిల్లుల దూది. వారానికోసారి సర్వరు మూత తీసి దులిపితే చంటిపిల్లల తలగడకు సరిపడా దూది వచ్చేది. (మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ ఫోన్ చేసి “మావాడు సర్వర్లను చూసుకుంటాడు” అని గొప్పగా చెప్పింది. హోటల్లో సర్వర్లనుకుని మా పెద్ద మామయ్య రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదట.)

మా ఓనరును ఊరంతా డిష్ బాబాయ్ అనేవాళ్ళు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల మొట్టమొదట మేడమీద పెద్ద డిష్ బిగించి, ఇంటింటికీ కేబుల్ టీవీ ఇచ్చిన మనిషి. జనం టీవీలు వదిలి ఫోన్లు పట్టుకోగానే, అవే స్తంభాల మీద ఇంటర్నెట్ తీగలు లాగి, మార్టూరు దాటి ప్రకాశం జిల్లా పల్లెల దాకా వెళ్ళిపోయాడు. చదువు పెద్దగా లేదు గానీ తీగ ఎక్కడ తెగిందో గాలి వాసన చూసి చెప్పగలనని ఆయన నమ్మకం. అలాంటి మనిషికి నేను టెలిమెట్రీ అమ్మాను.

అదేమిటో చెప్తాను, భయపడకండి. రౌటరంటే నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి ఏ లారీ ఎటు పోవాలో చూపించే కానిస్టేబుల్ లాంటిది. లారీల బదులు సినిమాలు, వీడియోలు, ఫోను మాటలు. మాకు ఊరికొక రౌటరుండేది. ఐదు నిమిషాలకోసారి మా సర్వరు ఒక్కొక్కదాన్నీ “ఎలా ఉన్నావు?” అని పలకరించేది. అది “బాగానే ఉన్నా, ఇంత ట్రాఫిక్ పోయింది” అనేది. ఆ మధ్యలో దానికి జ్వరమొచ్చి తగ్గిపోయినా మాకు తెలిసేది కాదు. కొత్త పద్ధతిలో రౌటరును ఎవరూ అడగక్కర్లేదు. నాలుగైదు సెకన్లకోసారి తన కష్టసుఖాలన్నీ అదే చెప్పుకుంటూ పోతుంది. ఎంత ట్రాఫిక్ వస్తోందో, ఎంత పోతోందో, ఒళ్ళెంత వేడిగా ఉందో, ఫైబర్ తీగలో పోయే వెలుతురు ఎంత బలంగా ఉందో, అన్నీ.

ఇదంతా ఆన్‌లైన్ వీడియోలు చూసి నేర్చుకుని, ఒక రోజు పొద్దున్నే డిష్ బాబాయ్ ముందు పెట్టాను. ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు నేను నా జీవితంలో చెప్పిన ఒకే ఒక్క మంచి పోలిక చెప్పాను.

“హాస్టల్లో ఉన్న కొడుక్కి మనం ఫోన్ చేస్తే ‘ఆ, బాగున్నా’ అని పెట్టేస్తాడు కదండీ, అది పాత పద్ధతి. కొత్తగా కాపరానికెళ్ళిన కూతురు కూర తాలింపు దగ్గర్నుంచీ తనే ఫోన్ చేసి చెప్తుంది చూడండి, అది టెలిమెట్రీ.”

ఆయన కూతురికి ఆ మధ్యే పెళ్ళయింది. దీర్ఘంగా నిట్టూర్చాడు. “అయితే ఇది కూడా ఫోను కింద పెట్టదన్నమాట.”

“పెట్టదండి.”

“సరే, పెట్టెయ్.”

అలా మొదలైంది. నెలరోజులు ఊరూరూ తిరిగి రౌటర్లకు మాటలు నేర్పాను. ఆఫీసు గోడకు పెద్ద టీవీ బిగించాం. అందులో ఊళ్ళన్నీ ఆకుపచ్చ చుక్కలుగా, వాటి ట్రాఫిక్ అంతా కొండలూ లోయల్లాంటి గీతలుగా కదులుతుండేది. డిష్ బాబాయ్ వచ్చినవాళ్ళందర్నీ దానిముందు కూర్చోబెట్టి టీ ఇప్పించేవాడు. పత్తి విత్తనాల ఏజెంట్లు, ఎల్లైసీ వాళ్ళు, ఒకసారి కింద కొట్లోకి పేనుబంక మందు కోసం వచ్చి దారి తప్పి పైకొచ్చిన ఒక రైతు కూడా. ఆ రైతు చాలాసేపు శ్రద్ధగా చూసి, “ఎవరికండీ, గుండెజబ్బు?” అని అడిగాడు.

ఓనరు అక్కడితో ఆగలేదు. అలారాలన్నీ తన ఫోనుకు కూడా రావాలని పట్టుబట్టాడు. నేను కొత్త భక్తుడికి మల్లే ప్రతి చిన్నదానికీ ఒక అలారం పెట్టి ఉంచాను. అది మే నెల. ఆయన బావమరిది గృహప్రవేశంలో పురోహితుడు సంకల్పం చెప్తుండగా జేబులో ‘టింగ్’ మంది. గోత్రం దగ్గర మళ్ళీ ‘టింగ్’. తర్వాత తాళం వేసినట్టు టింగ్, టింగ్, టింగ్. పురోహితుడు కళ్ళు తెరవకుండానే, “ఆ గంటేదో నేను చెప్పినప్పుడు కొట్టండి బాబూ” అన్నాడట. పావుగంటలో నాకు ఫోనొచ్చింది.

“ఏవయ్యా ఇంజనీరూ, మార్టూరు రౌటరుకు వేడిగా ఉందట. ఒంగోలు రోడ్డు రౌటరుకు వేడిగా ఉందట. మే నెల్లో పట్టుపంచె కట్టుకుని హోమం ముందు కూర్చున్నా, నాకూ వేడిగానే ఉంది. నేనెవరికైనా టింగ్ మని చెప్తున్నానా?”

అలారాలు తగ్గించాను. ఆయన నామీద నమ్మకం కూడా అదే నిష్పత్తిలో తగ్గించుకున్నాడు. సరిగ్గా ఆ సమయంలోనే గ్రానైట్ ఆయన గొడవ వచ్చి పడింది.

మార్టూరు దాటాక హైవే దిగి మిరపచేల మధ్యగా కాస్త లోపలికి వెళ్తే ఒక ఊరుంది. (పేరెందుకులెండి, ఆ ఊరివాళ్ళు ఇది చదివితే నాకు మళ్ళీ పునుగులు పెట్టరు.) ఆ ఊరి ఏజెంటును మేం స్తంభాలన్న అనేవాళ్ళం. ఎప్పుడు ఫోన్ చేసినా “స్తంభం మీదున్నా తమ్ముడూ, దిగాక చేస్తా” అనేవాడు. రౌటరూ, కరెంటు పోయినా అది ఆగకుండా ఉండేందుకు ఇన్వర్టరూ, రెండూ ఆయనింట్లోనే, ముందుగదిలో ఉండేవి. ఊరి మొత్తానికీ, ఊరి చివర రోడ్డుమీదున్న గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌కీ నెట్టు అక్కణ్ణుంచే. ఆ యూనిట్ యజమాని రోజూ సాయంత్రం ఉత్తరాది వ్యాపారులకు వీడియో కాల్‌లో పలకలు చూపించి బేరాలు చేసేవాడు. ఒక రోజు మా ఆఫీసుకొచ్చి, ఒంటిమీద రాతిపొడి కూడా దులుపుకోకుండా కుర్చీలో కూలబడ్డాడు.

“రాయి మీద నీళ్ళు పోసి మెరుపు చూపిస్తానండీ. అవతలాయన ‘బాగుంది’ అనబోతాడు. అప్పుడు పోద్ది మీ నెట్టు. రోజూ అంతే, ఏడున్నర కొట్టగానే పోద్ది. ఆయన ఫోనులో నా మొహం నోరు తెరుచుకుని అట్టాగే బిగుసుకుపోయి ఉంటందంట. ఆ మొహం చూసి ఎవడన్నా రాయి కొంటాడా? ఈ నెలాఖరుదాకా చూస్తా. తర్వాత వేరే కంపెనీ పెట్టించుకుంటా.”

ఆయన మా పెద్ద ఖాతాదారు. ఆయన వెళ్ళగానే డిష్ బాబాయ్ నావైపు తిరిగాడు. “ఆ స్తంభాలవాడు ఇంట్లో ఇన్వర్టరుకు ఏ గ్రైండరో తగిలిస్తున్నాడు. ఏజెన్సీ తీసేసి ఇంకొకడికి ఇద్దాం.”

నన్ను మొట్టమొదట నిచ్చెన ఎక్కించింది స్తంభాలన్నే. దింపింది కూడా ఆయనే (పైకెక్కాక నేను కళ్ళు మూసుకున్నాను). ఆయనకా ఏజెన్సీ తప్ప వేరే ఆధారం లేదు. “ఒక వారం ఆగండి, టెలిమెట్రీ పట్టిస్తుంది” అన్నాను. నిజానికి అప్పుడు రెండు ఉద్యోగాలు ప్రమాదంలో ఉన్నాయి. రెండోది టెలిమెట్రీది. అది పోతే వెంట మూడోది నాది.

వారంపాటు ఆ ఊరి చుక్క మీదనుంచి కన్ను తియ్యలేదు. రోజూ ఏడున్నరకు ఆ ఊరి రౌటరు నిండు ఆరోగ్యంతో ఉండేది. వేడి లేదు, నీరసం లేదు, తీగలో వెలుతురు దేదీప్యమానంగా ఉంది. ఉన్నట్టుండి మాట ఆగిపోయేది. పెళ్ళిలో నవ్వుతూ వడ్డన చేస్తున్న మనిషి గరిటె పట్టుకునే పోయినట్టు. అరగంట తర్వాత మళ్ళీ లేచి, తనకేమీ జరగనట్టే చెప్పడం మొదలుపెట్టేది. తీగ తెగితే రౌటరు బతికే ఉంటుంది, మనకు వినిపించదంతే. కానీ ఇది లేచిన ప్రతిసారీ ‘ఇప్పుడే పుట్టాను’ అంటోంది. అంటే దానికి కరెంటు ఆగుతోంది. ఊళ్ళో కరెంటు పోయిందా అంటే పోలేదు. పోయినా ఇన్వర్టరుంది. ఇక మిగిలింది ఒక్కటే. ఎవరో ఆ ఇంట్లో ఇన్వర్టరును చేత్తో ఆపుతున్నారు.

స్తంభాలన్నకు ఫోన్ చేశాను. అదృష్టవశాత్తూ నేలమీదే ఉన్నాడు. “మా అమ్మ మీద ఒట్టు తమ్ముడూ, నేను దాన్ని ముట్టుకోలేదు. ఆ టైముకి నేనెప్పుడూ పక్క పల్లెలో ఉంటా. మా ఆవిడ పాలకేంద్రానికెళ్తది. ఇంట్లో మా అమ్మ తప్ప పురుగు కూడా ఉండదు.”

ఈ వాక్యం విని కూడా నాకేమీ తట్టలేదు. దొంగ బయటినుంచి వస్తున్నాడని తీర్మానించుకుని, మర్నాడు సాయంత్రం ఆఫీసు మోటారుసైకిలేసుకుని, లాప్‌టాప్ భుజాన తగిలించుకుని బయల్దేరాను.

స్తంభాలన్న తల్లి వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. ఎర్రగా, గట్టిగా, గాజుల చేతులు ఊపుతూ మాట్లాడే మనిషి. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి టీవీ మామ్మ అంటారని, ఆ ఊళ్ళో మొట్టమొదటి టీవీ ఆవిడింట్లోదేనని స్తంభాలన్న ఎప్పుడో చెప్పాడు.

“ఎవరబ్బాయివి?” అంది.

“నెట్టు కంపెనీనుంచి మామ్మగారూ. రోజూ పోతోందని చూద్దామని.”

“అవునయ్యా, పాడు నెట్టు. రోజూ పోద్ది,” అని ఎంతో సానుభూతిగా తల ఊపింది. “కూర్చో, టీ పెడతా. పునుగులు తింటావా?”

వంటింట్లో పొయ్యి పక్కన పెద్ద బేసిన్ నిండా పిండి కలిపి ఉంది. ముగ్గురున్న ఇంట్లో అంత పిండి ఎందుకో నాకు తట్టలేదు. బీటెక్‌లో ఆ సబ్జెక్టు లేదు. నేను రౌటరు ముందు లాప్‌టాప్ తెరిచి, వేటగాడిలా కాపు కాశాను. ఏడున్నర కావస్తుండగా మామ్మ తలుపు దగ్గర నిలబడి, “మొహమంతా దుమ్మే, పెరట్లో పంపుంది, కడుక్కురా నాయనా” అంది. అమ్మలా చెప్తే వినకుండా ఎలా ఉంటాం? వెళ్ళాను. మొహానికి నీళ్ళు కొట్టుకుని వచ్చేసరికి రౌటరు దీపాలు ఆరిపోయి ఉన్నాయి. మామ్మ పొయ్యి దగ్గర తీరిగ్గా మూకుట్లో పునుగులు వేస్తోంది.

“మామ్మగారూ! ఎవరన్నా వచ్చారా లోపలికి?”

“ఎవరొస్తార్రా నాయనా మాయింటికి?” అంది. ఆ మాట అన్న తీరు తర్వాత చాలా రోజులు నాకు గుర్తుండిపోయింది.

నేను జవాబు చెప్పేలోపే గుమ్మంలో ఒకామె. “మామ్మా, నెట్టు పోయిందేందే?” ఆమె వెనక ఫోన్ పైకెత్తి పట్టుకున్న ఒక కుర్రాడు. వాడి వెనక లుంగీ సర్దుకుంటూ ఇద్దరు పెద్దమనుషులు. చంకలో పిల్లతో ఇంకొకామె. పది నిమిషాల్లో వరండా నిండిపోయింది.

“పోయిందా? మావాడు వచ్చి చూస్తాళ్ళే. ఇదిగో, కంపెనీ వాళ్ళు కూడా వచ్చారు, చూస్తున్నారు. నిలబడతారేం, కూర్చోండి,” అని మామ్మ పునుగుల పళ్ళెం తిప్పింది. ఒకరు మిరపకాయలు కోల్డ్ స్టోరేజీకి పంపాలా వద్దా అని ఎత్తుకున్నారు. దానిమీద రెండు పార్టీలయ్యాయి. చంకలో పిల్లున్నామె తన చెల్లెలి పెళ్ళిచూపుల సంగతి మొదలుపెట్టింది. అబ్బాయి ఏదో అడిగాడట, దానికి చెల్లెలు ఏదో అన్నదట, అందరూ ముందుకు వంగారు.

నేను మాత్రం వృత్తిధర్మం మరువలేదు. లోపలికెళ్ళి ఇన్వర్టరు వెనక చెయ్యి పెట్టి తడిమాను. బొత్తాం ఆపేసి ఉంది. నొక్కాను. దీపాలు వెలిగాయి. వరండాలో ఫోన్లన్నీ ఒక్కసారిగా కప్పల్లా అరిచాయి. “వచ్చింది!” అన్నారెవరో. చెల్లెలు ఏమన్నదో చెప్పకుండానే ఆమె లేచింది. మిరపకాయల పార్టీలు రెండూ లేచాయి. చెప్పుల చప్పుడయింది, అంతే. వరండాలో మామ్మ, సగం పునుగులున్న పళ్ళెం, నేను మిగిలాం.

మామ్మ నావైపు చూసి, “అప్పుడేనా?” అంది.

ఆవిడే పళ్ళెం పక్కన పెట్టి చెప్పింది, ఏడవకుండా, ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు గట్టిగా. “ఒక రోజు తుడుస్తుంటే గుడ్డ తగిలి ఆ బొత్తాం ఆగింది. నాకేం తెలుసు? కాసేపటికి ఊరంతా మా గుమ్మంలో ఉంది. ఎన్నేళ్ళయిందో అంతమందిని చూసి. ఆ మర్నాడు గుడ్డ తగల్లేదు.” కాస్త ఆగింది. “నేనే తగిలించా.”

“కానీ మామ్మా, దానివల్ల మీ అబ్బాయి ఏజెన్సీ పోతుంది.”

ఈసారి నిజంగానే కంగారు పడింది. “అదేందిరా? వాడికేం సంబంధం? ఆపింది నేనైతే!” మళ్ళీ తనే కొంగుతో మొహం తుడుచుకుని, “మీ ఓనరుకు చెప్తావా?” అంది. పునుగులు నోట్లో పెట్టుకున్న మనిషి ఎలా చెప్తాడు? ఆ ధైర్యం ఎవరికైనా ఉందేమో, నాకు లేదు.

మర్నాడు డిష్ బాబాయ్‌తో, “ఇన్వర్టరు బొత్తాం కాస్త వదులుగా ఉందండి, బిగించాను” అన్నాను. ఆయన గోడమీద టీవీ వంక చూశాడు. నేను నేర్పిన విద్యే, ఇప్పుడు నాకంటే బాగా చదువుతున్నాడు.

“రోజూ ఒకే టైముకి వదులై, నువ్వు అక్కడున్న రోజు మాత్రం ముందే బిగుసుకునే బొత్తాం నా సర్వీసులో చూళ్ళేదు. సాయంత్రం కారు తీస్తా. నువ్వూ రా.”

స్తంభాలన్నను హెచ్చరిద్దామని దారిలో దొంగచాటుగా ఫోన్ చేశాను. స్తంభం మీదున్నాడు.

మేం వెళ్ళేసరికి మామ్మ వరండాలోనే ఉంది. డిష్ బాబాయ్ కారు దిగి, ఓనరు తాలూకు గంభీరమైన నడకతో రెండడుగులు వేశాడో లేదో, మామ్మ కళ్ళు చికిలించి చూసింది.

“నువ్వు తీగలబ్బాయివి కదూ?”

ఆయన ఆగిపోయాడు. ఆ పేరుతో ఆయన్నెవరూ పిలిచి ఎన్నేళ్ళయిందో. గంభీరమైన నడక ఎటు పోయిందో నాకు తెలియదు. “అవునమ్మా,” అన్నాడు చేతులు కట్టుకుని.

“ఈ ఊరికి కేబులు తెచ్చింది నువ్వేగా? మా ఇంట్లో ఒక్కటే టీవీ ఉన్నన్నాళ్ళూ ఆదివారం వస్తే ఈ వరండాలో కాలు పెట్టను చోటుండేది కాదు. ఇంటివాళ్ళం మేం గడపమీద నిలబడి చూసేవాళ్ళం. నువ్వొచ్చి ఇంటింటికీ తీగ లాగావు. ఆ వారంనుంచీ ఒక్క మనిషి రాలేదు. పోన్లే అనుకున్నా. మళ్ళీ ఇప్పుడు ఇంకో తీగ లాగావు. ఈసారి ఎదురింటాయన కూడా పలకరించడం మానేశాడు. నా స్విచ్చి సంగతి అడగడానికొచ్చావా? ఆ, నేనే ఆపుతున్నా. మావాడికేం తెలీదు. వాణ్ణేమన్నా అన్నావో!”

డిష్ బాబాయ్ నోరు తెరిచాడు. గ్రానైట్ ఆయన వీడియో కాల్‌లో ఎలా కనపడేవాడో నాకప్పుడు అర్థమైంది. మామ్మ గోడ గడియారం వంక చూసి, “టైమయింది, ఉండండి” అని లోపలికెళ్ళి, మా ఇద్దరి కళ్ళముందే బొత్తాం నొక్కింది. ఓనరు జేబులో ‘టింగ్’ మంది.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. నెట్టు పోయిందని వచ్చినవాళ్ళకు సాక్షాత్తూ కంపెనీ ఓనరే దొరికాడు. లుంగీ పెద్దమనిషి, “వానొస్తే రెండ్రోజులు రాదు, ఫోన్ చేస్తే ఎత్తరు” అన్నాడు. కుర్రాడు, “రాత్రిపూట ఆట ఆడుకుంటుంటే నత్తలా నడుస్తంది” అన్నాడు. ఒకామె తన ఇంటి తీగ ఎదురింటి వేపచెట్టుకు చుట్టుకుని ఉందని, గాలేస్తే ఊగుతోందని చేతులతో ఊగి చూపించింది. మా టెలిమెట్రీలో ఆ ఊరు నెలలుగా పచ్చగా మెరుస్తోంది! నాలుగైదు సెకన్లకోసారి మొత్తుకునే రౌటరు వీటిలో ఒక్కటీ చెప్పలేదు. నేను వీలైనంత మామ్మ కుర్చీ చాటుకు జరిగాను. డిష్ బాబాయ్ మాత్రం చెమట తుడుచుకుంటూ అందరికీ జవాబు చెప్పాడు, పునుగులు తిన్నాడు, చివరికి పెళ్ళిచూపుల కథ కూడా పూర్తిగా విన్నాడు. (అబ్బాయి “వంట వచ్చా?” అన్నాడట. చెల్లెలు “మీకు?” అన్నదట. సంబంధం కుదిరిందట.)

డిష్ బాబాయ్ కారు వెనక్కి తిప్పాడు. మార్టూరు దగ్గర, రోడ్డు పక్కన నిలబెట్టిన రాతిపలకలు దాటాక, “ఆ వరండాలో మొదటి తీగ లాగినరోజు ఆవిడే నాకు అన్నం పెట్టిందయ్యా. అప్పుడూ ఇంతే గట్టిగా తిట్టింది. ఎందుకో నాకిప్పటిదాకా తెలీలేదు” అన్నాడు. ఇంకాస్త దూరం పోయాక ఓనరు గొంతు తిరిగొచ్చింది. “గ్రానైట్ ఆయన లైను ఆ ఇంట్లోంచి తీసెయ్. యూనిట్‌లోనే వేరే రౌటరు పెట్టు.”

“మరి ఊరి రౌటరండీ? ఇన్వర్టరుకు తాళం పెట్టమంటారా?”

“నువ్వు చదువుకున్నావా అసలు? మన పెద్ద కంపెనీలన్నీ అప్పుడప్పుడు నెట్టు ఆపి ఏదో పేరు చెప్తాయే, ఏంటది?”

“మెయింటెనెన్స్ అండి.”

“అదే రాసెయ్. రోజూ ఏడున్నరనుంచి.”

రాసేశాను. ప్రపంచంలో ఏ ఇంజనీరూ ఇంత శ్రద్ధగా ఇంత అబద్ధం రాసి ఉండడు. ఆ అరగంట అలారం మోగకుండా పెట్టాను. ఒకరిద్దరు మొదట గొణిగారు గానీ, కంపెనీవాళ్ళే చెప్పాక ఏం చేస్తారు? స్తంభాలన్నకు ఏజెన్సీ మిగిలింది. పైగా వరండాలో వచ్చిన ఫిర్యాదులన్నీ మామ్మ పొద్దున్నే ఆయన చెవిలో వేసేది కాబట్టి, ఆ చుట్టుపక్కల తీగలన్నీ చెట్లు దిగి స్తంభాలెక్కాయి. గ్రానైట్ ఆయన మొహం కదలడం మొదలుపెట్టింది. ఇక ఆ ఊళ్ళో కొత్త మాటొకటి పుట్టింది. సాయంత్రం ఎవరైనా చెప్పులేసుకుంటుంటే “ఎక్కడికి?” అంటే, “మెయింటెనెన్స్‌కి” అనేవారట.

వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం ఆఫీసులో ఒక్కణ్ణే ఉన్నాను. ఏడున్నర దాటింది. గోడమీద ఆ ఊరి చుక్క ఆకుపచ్చగానే ఉంది. గడియారం తప్పేమోనని ఫోను చూశాను. దాటింది. ఇంకా కాసేపు చూశాను. రౌటరు హాయిగా మాట్లాడుతూనే ఉంది. వేడి లేదు, నీరసం లేదు, అంతా సవ్యంగా ఉంది. ఆ వయసులో మనిషి ఒక్కరోజు కూడా మానని పని మానిందంటే ఏమనుకోవాలి? స్తంభాలన్నకు ఫోన్ చేశాను. “స్తంభం మీద...” అనేలోపే వానకు కట్టయింది. మోటారుసైకిలు తీశాను.

తడిసి ముద్దయి ఆ సందులో మలుపు తిరిగేసరికి వరండా ముందు రోడ్డుదాకా చెప్పులే చెప్పులు. ఇంటినిండా జనం. బండి స్టాండు కూడా సరిగ్గా పడలేదు. నాలుగడుగులు వేశాక మరుగుతున్న నూనె వాసన తగిలింది. ఆ వెంటనే, అందరి గొంతులనూ మించి, మామ్మ ఎవరినో కేకలేయడం వినిపించింది. లోపల మూకుడు ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి గరిటె ఎత్తిపట్టుకునే అడిగింది.

“ఏం నాయనా, నెట్టు పోయిందా?”

“లేదు మామ్మా,” అన్నాను. “పోలేదు. అందుకే వచ్చా.”

మామ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత నాలిక కరుచుకుంది. “అయ్యో, స్విచ్చి సంగతే మర్చిపోయాన్రా! వీళ్ళంతా వాన పడుతుందని ముందే వచ్చి కూర్చున్నారు.” వరండా అంతా గొల్లుమంది.

ఇప్పుడు నేను హైదరాబాదులో అద్దాల మేడలోనే కూర్చుంటున్నాను. కింద పురుగుమందుల కొట్టు లేదు, దులిపితే దూది రాదు. లెక్కలేనన్ని రౌటర్లు గోడంతా పరుచుకుని ఆపకుండా తమ సంగతులు చెప్పుకుంటుంటాయి. ఏదైనా ఆగితే అలారం మోగడానికి ఎన్నో ఏర్పాట్లున్నాయి. ఆగలేదని బెంగపెట్టుకునే ఏర్పాటు మాత్రం ఏ కంపెనీ ఇంకా చెయ్యలేదు. అప్పుడప్పుడు ఆ రోజుల్లోని కుర్ర ఇంజనీరు గుర్తొస్తాడు. అంతా బాగుందని భయపడి, వానలో అంతదూరం వచ్చి, జుట్టునుంచి నీళ్ళు కారుతుండగా గుమ్మంలో నిలబడి, అందరూ ఎందుకు నవ్వుతున్నారో సరిగ్గా తెలియక తనూ నవ్వుతున్న కుర్రాడు. మామ్మ వాడికొక తువ్వాలు విసిరి, పక్కవాళ్ళను కాస్త జరగమంది. వాళ్ళు జరిగారు. వాడు కూర్చున్నాడు.